కుటుంబ న్యాయస్థానం (భారతదేశం)

కుటుంబ న్యాయస్థానం లేదా ఫ్యామిలీ కోర్టు అనగా వివాహం, విడాకులు, మనోవర్తి, పిల్లల సంరక్షణ మొదలైన కుటుంబ తగాదాలను మాత్రమే విచారించే ప్రత్యేక న్యాయస్థానం. భారతదేశంలో ఈ న్యాయస్థానాలు 1984లో పార్లమెంటు ఆమోదించిన కుటుంబ న్యాయస్థానాల చట్టం (1984లో 66వ చట్టం) ద్వారా ఏర్పడినవి. ఈ చట్టానికి 1984 సెప్టెంబరు 14న రాష్ట్రపతి ఆమోదం లభించినది. ఆలుమగల తగాదాను ఆస్తి తగాదా వలె గెలుపు ఓటముల లెక్కన చూడరాదని, ముందుగా రాజీకి ప్రయత్నించి, అది కుదరనప్పుడు మాత్రమే త్వరగా తీర్పు చెప్పవలెనని ఈ చట్టం ఉద్దేశం. కుటుంబ న్యాయస్థానం వర్తింపజేసే అసలు చట్టాలు మాత్రం వేరు. అవి కక్షిదారుల మతాన్ని బట్టి, వివాహం జరిగిన విధానాన్ని బట్టి మారుతుంటాయి.

నేపథ్యం

హిందూ ధర్మశాస్త్రాలు వివాహాన్ని సంస్కారంగా పరిగణించినందున, శాస్త్రోక్తంగా జరిగిన పెండ్లికి రద్దు అనేది లేదనే భావన అగ్రకులాలలో బలంగా ఉండేది. కాని అనేక కులాలలో కులాచారం ప్రకారం పెద్దమనుషుల సమక్షంలో భార్యాభర్తలు విడిపోవుట, స్త్రీలు మారుమనువు చేసుకొనుట పూర్వం నుండి ఉన్నది. కాబట్టి విడాకులు 1955లో కొత్తగా వచ్చినవనుట సరికాదు. ఆ సంవత్సరం నుండి అవి చట్టం ద్వారా హిందువులందరికీ అందుబాటులోకి వచ్చినవి అనుట సరియైనది. ఆంధ్ర ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న కాలంలోనే, 1949లో మద్రాసు హిందూ ద్విభార్యాత్వ నిరోధక, విడాకుల చట్టం వచ్చినది. 1955 మే 18న అమలులోకి వచ్చిన హిందూ వివాహ చట్టం దేశమంతటికీ ఒకే విధానాన్ని తెచ్చినది. పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకొనే వీలు మాత్రం 1976 సవరణ వలన కలిగినది.

ఈ తగాదాలకు ప్రత్యేక న్యాయస్థానం ఉండవలెననే ఆలోచనలో ఒక తెలుగు మహిళ పాత్ర ముఖ్యమైనది. రాజమండ్రిలో జన్మించి, ఆంధ్ర మహిళా సభను స్థాపించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో చైనా పర్యటనకు వెళ్ళినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాల పనితీరును గమనించినది. తిరిగి వచ్చిన తరువాత ఆ విషయాన్ని న్యాయమూర్తులు ఎం.సి.చాగ్లా, పి.బి.గజేంద్రగడ్కర్‌లతోను, ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూతోను చర్చించినది. 1974లో లా కమిషన్ తన 59వ నివేదికలో, కుటుంబ వ్యాజ్యాలను సాధారణ సివిల్ దావాల కన్నా భిన్నమైన పద్ధతిలో విచారించవలెనని సూచించినది. ఈ ఆలోచన చట్టరూపం దాల్చుటకు ముప్పది సంవత్సరాలు పట్టినది. దుర్గాబాయి 1981లో మరణించినందున ఆమె దానిని చూడలేదు.

ఏర్పాటు, అధికార పరిధి

పది లక్షలకు పైబడిన జనాభా గల ప్రతి నగరంలోను రాష్ట్ర ప్రభుత్వం ఉన్నత న్యాయస్థానాన్ని సంప్రదించి కుటుంబ న్యాయస్థానాన్ని తప్పక ఏర్పాటు చేయవలెను. ఇతర ప్రాంతాలలో అవసరాన్ని బట్టి ఏర్పాటు చేయవచ్చును. తెలుగు రాష్ట్రాలలో హైదరాబాదు, విశాఖపట్నం, విజయవాడ వంటి నగరాలలో ఇవి పనిచేస్తున్నవి. కుటుంబ న్యాయస్థానం లేని చోట్ల ఇవే వ్యాజ్యాలను జిల్లా న్యాయస్థానం గాని, అందుకు అధికారం పొందిన సీనియర్ సివిల్ జడ్జి న్యాయస్థానం గాని విచారిస్తుంది. న్యాయమూర్తుల నియామకంలో మహిళలకు ప్రాధాన్యత ఇవ్వవలెనని చట్టంలోనే ఉన్నది.

వివాహం రద్దు, విడాకులు, న్యాయపరమైన ఎడబాటు, దాంపత్య హక్కుల పునరుద్ధరణ, దంపతుల మధ్య ఆస్తి వివాదాలు, సంతానం యొక్క ఔరసత్వం, మనోవర్తి, మైనరు పిల్లల సంరక్షణ ఈ న్యాయస్థానం పరిధిలోకి వస్తాయి. వరకట్న వేధింపు వంటి క్రిమినల్ కేసులు రావు, అవి మేజిస్ట్రేటు న్యాయస్థానంలోనే నడుస్తాయి. అందువలన ఒకే దంపతుల తగాదా ఏకకాలంలో రెండు మూడు న్యాయస్థానాలలో నడుచుట సర్వసాధారణం. తెలుగునాట విడాకుల పిటిషన్లను ఎఫ్.సి.ఓ.పి. లేదా ఓ.పి. అని, సంరక్షక పిటిషన్లను జి.డబ్ల్యు.ఓ.పి. అని, మనోవర్తి కేసులను ఎం.సి. అని, గృహహింస కేసులను డి.వి.సి. అని సంఖ్యలతో నమోదు చేస్తారు. కోర్టు కాగితం చేతికి వచ్చినప్పుడు ఈ పొడి అక్షరాలను చూచి అది ఏ రకం కేసో తెలుసుకొనవచ్చును.

హిందూ వివాహ చట్టం 19వ సెక్షను ప్రకారం పెండ్లి జరిగిన ఊరిలో గాని, ఎదుటి పక్షం నివసించే చోట గాని, దంపతులు చివరిసారి కలిసి కాపురమున్న చోట గాని పిటిషన్ వేయవచ్చును. 2003 సవరణ తరువాత భార్య తాను ప్రస్తుతం నివసించే చోటనే, అనగా చాలా సందర్భాలలో పుట్టింటి ఊరిలోనే, పిటిషన్ వేయవచ్చును. భర్త దూరప్రాంతంలో కేసు వేసినచో దానిని మార్పించుకొనుటకు అదే రాష్ట్రంలోనైతే ఉన్నత న్యాయస్థానాన్ని, వేరే రాష్ట్రమైతే సుప్రీంకోర్టును ఆశ్రయించవలెను.

ఏ వివాహానికి ఏ చట్టం

హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు హిందూ వివాహ చట్టం వర్తిస్తుంది. క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టం వర్తిస్తుంది. దీనిలో 2001 వరకు స్త్రీ పురుషులకు వేర్వేరు కారణాలు ఉండేవి. భర్త వ్యభిచారం ఒక్కటే నిరూపిస్తే చాలును, భార్య దానితోపాటు క్రూరత్వమో, పరిత్యాగమో కూడ నిరూపించవలసి వచ్చేది. ఆ తేడాను తొలగించిన 2001 సవరణ, పరస్పర అంగీకార విడాకులను కూడ చేర్చినది. పార్శీలకు 1936 చట్టం ఉన్నది. మతంతో నిమిత్తం లేకుండ రిజిస్ట్రారు ఎదుట జరిగిన వివాహాలకు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం వర్తిస్తుంది.

ముస్లిం స్త్రీలు 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం ప్రకారం న్యాయస్థానం ద్వారా విడాకులు పొందవచ్చును. ఒకేసారి మూడు పర్యాయాలు తలాక్ చెప్పే పద్ధతిని 2017 ఆగస్టు 22న షాయరా బానో కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసినది. 2019 చట్టం ఆ విధంగా తలాక్ చెప్పుటను మూడు సంవత్సరాల వరకు జైలుశిక్ష విధించదగిన నేరంగా ప్రకటించినది. భార్య కోరి తీసుకొనే ఖులా విషయంలో భర్త అంగీకారం తప్పనిసరి కాదని 2025 జూన్‌లో తెలంగాణ ఉన్నత న్యాయస్థానం తీర్పు చెప్పినది.

విడాకులకు కారణాలు

హిందూ వివాహ చట్టం 13వ సెక్షనులో విడాకులకు కారణాలు ఉన్నవి. వ్యభిచారం, క్రూరత్వం, కనీసం రెండు సంవత్సరాల పరిత్యాగం, మతం మార్చుకొనుట, కాపురం చేయలేనంతటి మానసిక వ్యాధి, అంటుకొనే సుఖవ్యాధి, సన్యాసం, ఏడు సంవత్సరాలుగా జాడ తెలియకపోవుట అనేవి ఆ కారణాలు. కుష్ఠు వ్యాధి కూడ ఈ జాబితాలో ఉండేది గాని, అది నయమయ్యే వ్యాధి గనుక 2019లో తొలగించారు. వ్యభిచారం నేరం కాదని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినప్పటికి, విడాకులకు కారణంగా అది నేటికీ నిలిచి ఉన్నది. వివాహమైన సంవత్సరం లోపు విడాకుల పిటిషన్ వేయరాదు. అసాధారణమైన కష్టం ఉన్నదని న్యాయస్థానం భావించినచో ఈ నియమం సడలించబడుతుంది.

ఆచరణలో ఎక్కువ పిటిషన్లు క్రూరత్వం, పరిత్యాగం అనే రెండు కారణాల మీదనే దాఖలవుతాయి. క్రూరత్వం అనగా కొట్టుట మాత్రమే కాదు. 1994 నుండి సుప్రీంకోర్టు తీర్పులు మానసిక క్రూరత్వానికి విస్తృతమైన అర్థం చెప్పినవి. నిరాధారంగా శీలాన్ని శంకించుట, పనిచేసే కార్యాలయానికి తప్పుడు ఫిర్యాదులు పంపుట వంటివి క్రూరత్వంగా గుర్తించబడినవి. అయితే సంసారంలో సహజమైన చిన్న చిన్న చికాకులు, కోపతాపాలు క్రూరత్వం కావని కూడ న్యాయస్థానాలు స్పష్టం చేసినవి. వీటి మధ్య గీత ఎక్కడ అనేది ఆయా కేసు వాస్తవాలను బట్టి నిర్ణయమవుతుంది.

"మా మధ్య ఇక ఏమీ మిగలలేదు" అనేది మాత్రం చట్టంలో కారణం కాదు. కోలుకోలేని విధంగా వివాహం విచ్ఛిన్నమగుటను కారణంగా చేర్చే సవరణ బిల్లును 2013లో రాజ్యసభ ఆమోదించినది గాని లోక్‌సభలో అది నెగ్గలేదు. 2023 మే 1న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, రాజ్యాంగం 142వ అధికరణం క్రింద తనకు గల ప్రత్యేక అధికారంతో ఈ కారణం మీద విడాకులు ఇవ్వవచ్చునని తీర్పు చెప్పినది. ఆ అధికారం సుప్రీంకోర్టుకు మాత్రమే కలదు, కుటుంబ న్యాయస్థానానికి లేదు.

పరస్పర అంగీకారం

దంపతులిద్దరూ ఒప్పుకొని విడిపోవుటకు 13బి సెక్షను వీలు కల్పిస్తుంది. ఇద్దరూ కనీసం ఒక సంవత్సరం విడిగా ఉండవలెను. విడిగా అనగా వేర్వేరు ఇండ్లలోనే ఉండవలెనని కాదు, ఒకే కప్పు క్రింద ఉన్నప్పటికి భార్యాభర్తలుగా జీవించకపోతే చాలును. ఉమ్మడి పిటిషన్ వేసిన ఆరు నెలల తరువాత, పదునెనిమిది నెలల లోపు ఇద్దరూ మరల హాజరై తమ అంగీకారాన్ని ధ్రువపరచవలెను. ఈ ఆరు నెలల గడువు తప్పనిసరి కాదని, కలిసే అవకాశం లేనప్పుడు, మనోవర్తి, పిల్లల విషయాలు తేలిపోయినప్పుడు న్యాయస్థానం దానిని మినహాయించవచ్చునని 2017లో సుప్రీంకోర్టు తెలిపినది. డిక్రీ వచ్చే వరకు ఎవరైనా తమ అంగీకారాన్ని ఉపసంహరించుకొనవచ్చును. అందువలన పెద్దల సమక్షంలో ముందుగానే డబ్బు మొత్తం ఇచ్చివేయక, కొంత మొదటి వాయిదా నాడు, మిగిలినది రెండవ వాయిదా నాడు న్యాయమూర్తి ఎదుట డి.డి. రూపంలో ఇచ్చుట వాడుకలో ఉన్నది.

ఒప్పందంలో పిల్లల చదువు ఖర్చు, చూడటానికి వచ్చే రోజులు, నగలు, పెండ్లి సామాను, నడుస్తున్న ఇతర కేసుల ఉపసంహరణ మొదలైనవన్నీ వివరంగా వ్రాసుకొనవలెను. ఒకదానిని మరచినచో దాని కొరకు మరొక కేసు వేయవలసి రావచ్చును. వరకట్న వేధింపు నేరం (పూర్వం భారత శిక్షాస్మృతి 498ఎ, 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షను) విషయంలో దంపతులు రాజీపడినప్పటికి కేసు తనంతట తాను పోదు. దానిని కొట్టివేయుటకు సాధారణంగా ఉన్నత న్యాయస్థానానికి వెళ్ళవలెను. 2003లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం తన సవరణ ద్వారా 498ఎ నేరాన్ని న్యాయస్థానం అనుమతితో రాజీ చేసుకొనదగిన నేరంగా మార్చుట గమనార్హం.

దాంపత్య హక్కుల పునరుద్ధరణ

భార్య గాని భర్త గాని సరియైన కారణం లేకుండ విడిగా ఉన్నచో, తిరిగి కాపురానికి రావలసినదిగా ఆదేశించమని 9వ సెక్షను క్రింద రెండవవారు కోరవచ్చును. ఈ సెక్షను మీద దేశంలోనే మొదటి ప్రధాన వివాదం కడపలో మొదలైన వ్యాజ్యం వలన వచ్చినది. సినీనటి సరిత మీద ఆమె భర్త వేసిన పిటిషన్‌కు సంబంధించిన ఆ కేసులో, 1983లో ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానం న్యాయమూర్తి పి.ఎ.చౌదరి 9వ సెక్షను రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పారు. ఇష్టం లేని దాంపత్యానికి రాజ్యం ఒకరిని బలవంతపెట్టుట వ్యక్తి గౌరవానికి, ఏకాంతానికి భంగకరమని, స్త్రీ శరీరంపై ఆమెకు గల హక్కును హరిస్తుందని ఆయన అభిప్రాయం. ఆ తరువాత కొద్ది నెలలకే ఢిల్లీ ఉన్నత న్యాయస్థానం దీనికి భిన్నమైన తీర్పు ఇచ్చినది. 1984లో సుప్రీంకోర్టు ఢిల్లీ అభిప్రాయాన్ని సమర్థించి, 9వ సెక్షను చెల్లుతుందని ప్రకటించినది. కాబట్టి హైదరాబాదు తీర్పు చట్టంగా నిలువలేదు. అయినను 2017లో ఏకాంత హక్కును సుప్రీంకోర్టు ప్రాథమిక హక్కుగా గుర్తించిన తరువాత, ఆ పాత తీర్పు మరల చర్చకు వచ్చినది. 2019లో ఈ సెక్షనును సవాలు చేస్తూ సుప్రీంకోర్టులో మరొక పిటిషన్ దాఖలైనది.

ఈ డిక్రీ పొందినంత మాత్రాన పోలీసులు వచ్చి ఎవరినీ కాపురానికి తీసుకొనిపోరు. ఆస్తి జప్తు ద్వారా మాత్రమే దానిని అమలు చేయవచ్చును. డిక్రీ తరువాత సంవత్సరం పాటు కాపురం సాగకపోతే అదే విడాకులకు కారణమగును. వాస్తవానికి చాలామంది మనోవర్తి కేసుకు ఎదురుగా ఈ పిటిషన్ వేస్తుంటారు. అయితే ఇటువంటి డిక్రీ ఉండి భార్య తిరిగి వెళ్ళనంత మాత్రాన ఆమెకు మనోవర్తి నిరాకరించరాదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసినది.

వ్యాజ్యం నడిచే తీరు

పిటిషన్‌తో పాటు శుభలేఖ, పెండ్లి ఫోటోలు, ఉన్నచో వివాహ రిజిస్ట్రేషన్ పత్రం, చిరునామా ఆధారాలు జతపరుస్తారు. ఎదుటి పక్షానికి నోటీసు వెళుతుంది. నోటీసు తీసుకొనక తిప్పి పంపుట మంచి ఉపాయమని కొందరు అనుకొంటారు. ఇది పెద్ద పొరపాటు. నిరాకరించిన నోటీసు అందినట్లే లెక్క, ఆపైన ఎక్స్‌పార్టీ డిక్రీ వస్తుంది. అట్టి డిక్రీని రద్దు చేయించుకొనుటకు ముప్పది రోజుల లోపు, తగిన కారణం చూపుతూ దరఖాస్తు చేయవలెను.

ఇరుపక్షాలు హాజరైన తరువాత న్యాయస్థానం వారిని కౌన్సెలింగ్‌కు పంపుతుంది. రాజీకి ప్రయత్నించుట చట్టం 9వ సెక్షను ప్రకారం న్యాయస్థానం యొక్క బాధ్యత. కౌన్సెలరు ముందు చెప్పిన మాటలు సాక్ష్యం కావు. రాజీ కుదరకపోతే కౌంటరు, ఆపైన సాక్ష్యం, ఎదురు ప్రశ్నలు, వాదనలు, తీర్పు వరుసగా జరుగుతాయి. ఇరువురిలో ఎవరు కోరినా విచారణ మూసిన గదిలో జరుపవలెను.

13వ సెక్షను ప్రకారం కుటుంబ న్యాయస్థానంలో వకీలును పెట్టుకొనుట హక్కు కాదు, న్యాయస్థానం అనుమతితో మాత్రమే పెట్టుకొనవచ్చును. సామాన్యులు తమ గోడు తామే చెప్పుకొనవలెనని శాసనకర్తలు ఆశించారు. ఆచరణలో అనుమతి దాదాపు ప్రతి కేసులోను లభిస్తుంది, వకీలు లేని కక్షిదారులు అరుదు. 14వ సెక్షను ప్రకారం సాక్ష్య చట్టంలోని కట్టుదిట్టమైన నియమాలు ఇక్కడ పూర్తిగా వర్తించవు. దంపతులలో ఒకరు రెండవవారికి తెలియకుండ రికార్డు చేసిన ఫోను సంభాషణను కూడ విడాకుల కేసులో సాక్ష్యంగా స్వీకరించవచ్చునని 2025 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆరు నెలలలో విచారణ ముగించుటకు ప్రయత్నించవలెనని హిందూ వివాహ చట్టంలో ఉన్నది గాని, పోరాడే కేసులలో ఈ గడువు కాగితానికే పరిమితం.

స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండ ఉచిత న్యాయసహాయం పొందే హక్కును 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షను కల్పించినది. ఉద్యోగం చేసే స్త్రీకి కూడ ఇది వర్తిస్తుంది. జిల్లా న్యాయస్థానం ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో తెల్లకాగితంపై దరఖాస్తు ఇవ్వవచ్చును. 15100 అనే ఫోను నంబరు ద్వారా కూడ సలహా పొందవచ్చును.

మనోవర్తి

భరణం, మనోవర్తి అనే రెండు మాటలు వాడుకలో ఒకే అర్థంలో ఉన్నవి. దీనిని కోరుటకు ఒకటి కన్నా ఎక్కువ మార్గాలు కలవు. హిందూ వివాహ చట్టం 24వ సెక్షను క్రింద కేసు నడుస్తున్న కాలానికి మధ్యంతర భరణం, 25వ సెక్షను క్రింద శాశ్వత భరణం పొందవచ్చును. ఈ రెండింటిని ఆదాయం లేని భర్త కూడ భార్య నుండి కోరవచ్చును. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం క్రింద మేజిస్ట్రేటు భరణం, నివాసం, రక్షణ, పిల్లల తాత్కాలిక సంరక్షణ అన్నింటికి ఒకే కేసులో ఆదేశాలు ఇవ్వవచ్చును. అన్ని మతాల వారికి వర్తించేది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షను. 2024 జూలై 1 నుండి దీని స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షను వచ్చినది. పూర్వం ఈ సెక్షను క్రింద నెలకు 500 రూపాయలకు మించి ఇచ్చుటకు వీలు లేకుండెను, 2001లో ఆ పరిమితిని తొలగించారు. ఆదేశించిన సొమ్ము చెల్లించకపోతే ఒక్కొక్క నెల బకాయికి నెల రోజుల వరకు జైలుశిక్ష విధించవచ్చును. బకాయిల కొరకు సంవత్సరం లోపు దరఖాస్తు చేయవలెను, ఆలస్యం చేసినచో ఆ మేరకు ఈ మార్గంలో వసూలు కాదు.

ముస్లిం స్త్రీల విషయంలో 1985 నాటి షా బానో తీర్పు, దాని తరువాత వచ్చిన 1986 చట్టం పెద్ద వివాదానికి కారణమైనవి. 2024 జూలై 10న, తెలంగాణ నుండి వెళ్ళిన ఒక అప్పీలులో, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడ 125వ సెక్షను క్రింద మనోవర్తి కోరవచ్చునని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

జీతంలో నాల్గవ వంతు భార్యకు వచ్చితీరుతుందనే నమ్మకం జనంలో ఉన్నది. 2017లో ఒక కేసులో సుప్రీంకోర్టు 25 శాతం సమంజసమని చెప్పిన మాట నిజమే గాని, చట్టంలో అట్టి లెక్క ఏదీ లేదు. ఇరువురి ఆదాయం, ఆస్తులు, బాధ్యతలు, అలవాటుపడిన జీవన స్థాయి, పిల్లల అవసరాలు చూచి న్యాయమూర్తి నిర్ణయిస్తారు. ఆదాయాన్ని దాచుట ఈ కేసులలో అన్నింటికన్నా పెద్ద చిక్కు. దీనిని అరికట్టుటకు 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు, ఇరుపక్షాలు తమ ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చులను నిర్ణీత నమూనాలో ప్రమాణపత్రంగా దాఖలు చేయవలెనని, దరఖాస్తు చేసిన తేదీ నుండే మనోవర్తి లెక్కించవలెనని ఆదేశించినది.

స్త్రీధనం దీనికి వేరు. పెండ్లి సమయంలో పుట్టింటివారు, అత్తింటివారు వధువుకు ఇచ్చిన నగలు, సొమ్ము, పసుపు కుంకుమల క్రింద ఇచ్చిన భూమి ఆమె సొంత ఆస్తి. మనోవర్తి ఇచ్చినందున స్త్రీధనం తిరిగి ఇవ్వనవసరం లేదనుట చెల్లదు.

పిల్లల సంరక్షణ

కుటుంబ న్యాయస్థానంలో అన్నింటికన్నా కఠినమైన ప్రశ్న ఇది. 1890 నాటి సంరక్షకులు, ఆశ్రితుల చట్టం, 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం దీనికి ఆధారాలు. ఇందులో రెండు భావాలను వేరుచేసి చూడవలెను. సంరక్షకత్వం అనగా మైనరు తరఫున చట్టపరమైన నిర్ణయాలు చేసే అధికారం, సంరక్షణ అనగా బిడ్డను తమ వద్ద ఉంచుకొని పెంచుట. 1956 చట్టం 6వ సెక్షను ప్రకారం సహజ సంరక్షకుడు తండ్రి, అతని తరువాత తల్లి. ఐదు సంవత్సరాల లోపు బిడ్డ సాధారణంగా తల్లి వద్దనే ఉండవలెనని కూడ అదే సెక్షను చెబుతున్నది. "తరువాత" అనే మాటకు తండ్రి మరణానంతరం అనే అర్థాన్ని 1999లో సుప్రీంకోర్టు తోసిపుచ్చినది. రచయిత్రి గీతా హరిహరన్ తన కుమారుని పేరిట రిజర్వు బ్యాంకు బాండ్లకు తానే సంరక్షకురాలిగా దరఖాస్తు చేయగా, తండ్రి సంతకం కావలెనని బ్యాంకు కోరుట ఆ కేసుకు మూలం. తండ్రి బిడ్డ బాగోగులు చూడని సందర్భంలో, అతడు జీవించి ఉన్నప్పటికి తల్లి సహజ సంరక్షకురాలు కాగలదని సుప్రీంకోర్టు చెప్పినది.

ముస్లిం ధర్మశాస్త్రంలో హనఫీ సంప్రదాయం ప్రకారం కుమారుడు ఏడు సంవత్సరాల వరకు, కుమార్తె యుక్తవయస్సు వరకు తల్లి వద్ద ఉండవలెను. దీనిని హిజానత్ అంటారు. అయితే ఏ మతం వారికైనను చివరకు చూచేది బిడ్డ క్షేమాన్నే. తల్లిదండ్రుల హక్కులు దాని తరువాతనే.

క్షేమం అనగా డబ్బు కాదు. తండ్రికి జీతం ఎక్కువ గనుక బిడ్డ అతని వద్ద ఉండవలెనని గాని, తల్లి ఉద్యోగానికి వెళుతున్నది గనుక ఆమె తగదని గాని న్యాయస్థానాలు అంగీకరించలేదు. తక్కువ సంపాదించే తల్లి వద్ద బిడ్డను ఉంచి, ఖర్చు తండ్రిని భరించమనవచ్చును. భార్యగా లేదా భర్తగా చేసిన తప్పు, తల్లిగా లేదా తండ్రిగా అనర్హత కానవసరం లేదు. బిడ్డ వయస్సు, చదువు, ఇంతవరకు ఎవరి వద్ద పెరిగినది, ఇంటిలో అవ్వ తాతల తోడు, తోబుట్టువులు విడిపోకుండుట, ఇంటి వాతావరణం మొదలైనవన్నీ లెక్కలోకి వస్తాయి. బిడ్డకు తెలివిగా చెప్పగల వయస్సు ఉన్నచో 1890 చట్టం 17వ సెక్షను ప్రకారం వారి ఇష్టాన్ని కూడ పరిగణించవచ్చును. న్యాయమూర్తి సాధారణంగా బిడ్డను తన గదిలోకి పిలిచి, తల్లిదండ్రులను బయట ఉంచి మాట్లాడుతారు. ఆ రోజు కొరకు బిడ్డకు మాటలు నేర్పి తీసుకువచ్చేవారు లేకపోలేదు. కొద్ది ప్రశ్నలలోనే ఆ సంగతి బయటపడుతుంది, నేర్పినవారికే అది నష్టం కలిగిస్తుంది.

బిడ్డ తన వద్ద లేని తల్లికి లేదా తండ్రికి చూచే హక్కు ఉంటుంది. వారాంతపు కలయిక, దసరా సంక్రాంతి సెలవులలో సగం రోజులు, వేసవిలో కొన్ని వారాలు, ఫోనులో లేదా వీడియోలో మాట్లాడే సమయం మొదలైనవి ఉత్తర్వులో వ్రాస్తారు. తగాదా తీవ్రంగా ఉన్నచో మొదట కోర్టు ఆవరణలోనే కలుసుకొనమంటారు. ఒక గంట కొరకు బల్లపై కూర్చొని ఎదురు చూచే తండ్రి, తల్లి కొంగు విడువని బిడ్డ ఏ కుటుంబ న్యాయస్థానంలోనైనా కనిపించే దృశ్యమే. మనోవర్తి చెల్లించలేదని బిడ్డను చూపకపోవుట, బిడ్డను చూపలేదని మనోవర్తి ఆపివేయుట రెండూ చెల్లవు.

సంరక్షణ ఉత్తర్వు శాశ్వతం కాదు. పరిస్థితులు మారినప్పుడు దానిని మార్చమని కోరవచ్చును. పిటిషన్ బిడ్డ సాధారణంగా నివసించే చోటనే వేయవలెను. కేసు వేయుటకు ముందు బిడ్డను బడి నుండి తీసుకొని మరొక ఊరికి వెళ్ళుట వలన ఆ ఊరి న్యాయస్థానానికి అధికారం రాదు. ఇద్దరూ కలిసి పెంచే ఉమ్మడి సంరక్షణను చట్టంలో చేర్చమని 2015లో లా కమిషన్ 257వ నివేదిక సూచించినది.

విదేశాలలోని తెలుగువారు

అమెరికా మొదలైన దేశాలలో స్థిరపడిన తెలుగువారి సంఖ్య పెరిగిన కొలది, రెండు దేశాల న్యాయస్థానాల మధ్య చిక్కుపడిన కేసులు కూడ పెరిగినవి. వీటిలో ప్రసిద్ధమైనది 1991 నాటి సుప్రీంకోర్టు తీర్పు. ఆ దంపతులకు 1975లో తిరుపతిలో హిందూ సంప్రదాయం ప్రకారం వివాహమైనది. భర్త అమెరికాలోని మిస్సోరి రాష్ట్ర న్యాయస్థానంలో విడాకులు తీసుకొని, 1981లో యాదగిరిగుట్టలో మరొక వివాహం చేసుకొన్నాడు. మొదటి భార్య ద్విభార్యాత్వం కేసు పెట్టినది. మిస్సోరి డిక్రీ భారతదేశంలో చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. దంపతులు ఏ చట్టం క్రింద పెండ్లాడినారో ఆ చట్టం గుర్తించే న్యాయస్థానం, ఆ చట్టంలోని కారణం మీద ఇచ్చిన విడాకులే చెల్లుతాయి. ఎదుటి పక్షం ఆ విదేశీ న్యాయస్థానం అధికారాన్ని స్వచ్ఛందంగా అంగీకరించి తన చట్టంలోని కారణం మీద వాదించినప్పుడు గాని, విడాకులకు అంగీకరించినప్పుడు గాని మినహాయింపు కలదు. నోటీసు అందుకొని ఊరకుండుట అంగీకారం కాదు. కావున అమెరికాలో "ఎవరి తప్పూ లేని విడాకులు" ఏకపక్షంగా పొంది, ఇక్కడ మరల పెండ్లి చేసుకొనువారు చిక్కులలో పడే ప్రమాదం ఉన్నది.

బిడ్డల విషయంలో, అంతర్జాతీయ బాలల అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారతదేశం చేరలేదు. చేరవలసినదిగా 2009లో లా కమిషన్ 218వ నివేదిక సూచించినది. గృహహింస నుండి తప్పించుకొని బిడ్డతో పుట్టింటికి వచ్చే తల్లులు దీనివలన నష్టపోతారనే వాదన అప్పటి నుండి వినిపిస్తున్నది. విదేశీ న్యాయస్థానం ఉత్తర్వు ఉన్నంత మాత్రాన బిడ్డను యాంత్రికంగా తిరిగి పంపనవసరం లేదని, బిడ్డ క్షేమమే ప్రధానమని 2017లో సుప్రీంకోర్టు చెప్పినది. 2019లో, అమెరికాలో పుట్టి పెరిగిన ఇద్దరు చిన్నపిల్లలను తల్లి హైదరాబాదుకు తెచ్చి ఇక్కడి కుటుంబ న్యాయస్థానంలో పిటిషన్ వేసిన కేసులో, వారి సాధారణ నివాసం అమెరికాయే గనుక హైదరాబాదు న్యాయస్థానానికి అధికారం లేదని, వారిని తిరిగి పంపవలెనని అదే న్యాయస్థానం తీర్పు చెప్పినది. రెండు తీర్పుల సూత్రం ఒకటే అయినను ఫలితాలు వేరు.

స్టాంపు కాగితంపై విడాకులు

నేటికీ పల్లెలలోను, పట్టణాలలోను పెద్దమనుషుల సమక్షంలో స్టాంపు కాగితంపై సంతకాలు చేసి, నోటరీ ముద్ర వేయించి, విడాకులైనవని భావించేవారు చాలామంది ఉన్నారు. హిందూ వివాహ చట్టం 29వ సెక్షను కులాచార విడాకులను కాపాడిన మాట వాస్తవమే. కాని అట్టి ఆచారం తమ కులంలో ప్రాచీన కాలం నుండి నిరంతరాయంగా ఉన్నదని దానిని చెప్పుకొనేవారే న్యాయస్థానంలో నిరూపించవలెను. ఇది సులభం కాదు. నిరూపించలేనిచో మొదటి వివాహం అమలులో ఉన్నట్లే. అప్పుడు రెండవ వివాహం చెల్లదు, ద్విభార్యాత్వం నేరం కూడ కావచ్చును. ఈ పొరపాటు వలన ఎక్కువగా నష్టపోయేది తెలియక రెండవ భార్యగా వచ్చిన స్త్రీ. భర్త మరణానంతరం పింఛను, ఆస్తి తగాదాలలో ఆమె స్థానం ప్రశ్నార్థకమవుతుంది. ఆమె పిల్లలు మాత్రం 16వ సెక్షను ప్రకారం ఔరసులుగానే పరిగణించబడతారు.

అప్పీలు, పునర్వివాహం

కుటుంబ న్యాయస్థానం తీర్పుపై అప్పీలు నేరుగా ఉన్నత న్యాయస్థానానికి వెళుతుంది. దీనికి కుటుంబ న్యాయస్థానాల చట్టంలో 30 రోజులు, హిందూ వివాహ చట్టంలో 2003 సవరణ తరువాత 90 రోజులు గడువుగా ఉన్నవి. ఈ రెండింటిలో ఏది వర్తిస్తుందనే విషయంపై వాదాలు జరిగినవి గనుక, అప్పీలు చేయదలచినవారు 30 రోజుల లోపుననే చేయుట క్షేమం. మరల వివాహం చేసుకొనదలచినవారు ఇందుకు భిన్నంగా ఎక్కువ గడువునే లెక్కలోకి తీసుకొనవలెను. 15వ సెక్షను ప్రకారం అప్పీలు గడువు ముగిసిన తరువాత గాని, అప్పీలు వేసి ఉన్నచో అది కొట్టివేయబడిన తరువాత గాని మాత్రమే పునర్వివాహం చేసుకొనవచ్చును. పరస్పర అంగీకారంతో ఇచ్చిన డిక్రీపై కుటుంబ న్యాయస్థానాల చట్టం క్రింద అప్పీలు లేదు.